అమ్మన్నమ్మ సవితి

అమ్మన్నమ్మకి ఒక సవితి ఉందనీ, అది మొగుడి మంచం కిందే కాపరం పెట్టిందనీ హుగ్లీ ఒడ్డున వాట్‌గంజ్ తెలుగు లైనులో తెలియనివాళ్ళు లేరు. కంగారు పడనక్కర్లేదు, సవితి ఒక ఇనప గొట్టం. చెయ్యంత పొడుగు, పిడికిలి మూసుకోనంత లావు. ఒక కొస తెరిచి ఉంటుంది, రెండోది మూసి ఉంటుంది. మూసిన కొసకి కాస్త ఇవతల, పెసరగింజ పట్టేంత కన్నం. వెనక కర్ర దూర్చుకోవడానికి ఒక గుంట. ఊడ్చేటప్పుడు చీపురుకి అడ్డం, నడిచేటప్పుడు కాలికి అడ్డం. బొటనవేలు తగిలినప్పుడల్లా అమ్మన్నమ్మ "నీ సవితితనం మండా!" అని తిట్టి, ఆ కాలితోనే దాన్ని మంచం కిందకి తోసేది.

ఆమె మొగుడు పోలిరాజు వాళ్ళ తాత దాన్ని హుగ్లీ బురదలోంచి తీశాడని చెప్పుకుంటారు. ఆ మాటకొస్తే లైనులో మరో ఇద్దరి తాతలు కూడా తీశారు. గొట్టం పోలిరాజు ఇంట్లో ఉంది కాబట్టి తీసింది పోలిరాజు తాతే అని ఒప్పుకోక మిగతావాళ్ళకి తప్పలేదు.

ఏడాదిలో ఒక్కరోజు దానికి పని. ఎండాకాలంలో అమ్మవారి సంబరానికి ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని వరసగా నిలబడతారు. అవుటు పేలేదాకా ఏ ఘటమూ అడుగు కదలకూడదు. శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చిన పెద్దవాళ్ళు చాలా ఆచారాలు రైల్లోనే మరిచిపోయి దిగారు గానీ దీన్ని మాత్రం మూటలో తెచ్చుకున్నారు. మామూలుగా అవుటు గొట్టాన్ని నేలలో పాతి ముట్టిస్తారు. ఇక్కడ అలా కాదు. పోలిరాజు గొట్టంలో మందు కూరి, వెనక కర్ర బిగించి, చంకలో ఇరికించుకుని, మూతి ఆకాశానికి ఎత్తి, రెండో చేత్తో కన్నం మీద నిప్పు ఆనిస్తాడు. ఢాం! కాకులు లేస్తాయి, డప్పులు అందుకుంటాయి, ఘటాలు కదులుతాయి.

మనిషి పీచులా ఉంటాడు. గొంతు అంతకంటే పీల. ఖలాసీగా పనిచేసినన్నాళ్ళూ క్రేను మోతలో ఆయన మాట ఎవరికీ వినబడలేదు. రిటైరయ్యాక అమ్మన్నమ్మ మోతలో వినబడలేదు. ఏడాదికి ఆ ఒక్క ఢాం ఆయనది. ఆ క్షణాన లైనంతా ఊపిరి బిగబట్టి ఆయన చేతివంక చూస్తుంది. దానికోసం మిగతా ఏడాది ఓర్చుకోవచ్చు అనుకునేవాడు పోలిరాజు, ఓర్చుకున్నాడు కూడా.

ఈ ఏడు అదీ పోయింది. ఆదివారం పొద్దున్న గుడి ముందు టార్పాలిన్ కింద కమిటీ కూర్చుంది. సెక్రటరీ రమణబాబు పోలిరాజుకి స్వయానా చెల్లెలి కొడుకు. షిప్పింగ్ కంపెనీలో గుమస్తా. నల్లకళ్ళద్దాలు కళ్ళకి పెట్టుకోడు, నెత్తిన పెట్టుకుంటాడు.

"మావా, ఈ యేడు డీజే" అన్నాడు. "నాలుగు బాక్సులు. కిదిర్‌పూర్ దాకా ఇనబడాల."

"ఎట్టుకో. అవుటు అయ్యాక ఎట్టుకో" అన్నాడు పోలిరాజు.

"అవుటూ అందులోనే ఉంటాది మావా. పెన్‌డ్రైవులో ఎక్కించీసాను. బటన్ నొక్కితే ఢాం."

అందరూ నవ్వారు. పోలిరాజు కూడా మర్యాదకి నవ్వాడు. నవ్వు అయ్యాక అర్థమైంది.

"మరి... మన గొట్టం?"

"ఆ పైపుముక్క పేలి నీ సెయ్యెగిరిపోతే పూచీ ఎవులిది? ఇప్పుడికి సాల్లే మావా, రెస్టు తీసుకో."

పైపుముక్క! తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. పోలిరాజు ఏదో అనబోయాడు. ఆయన గొంతు సవరించుకునేలోపు కమిటీ బిరియానీ సంగతిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి గొట్టాన్ని మంచం కింద నుంచి లాగి, వంటింటి గడప దగ్గర కూర్చుని కొబ్బరిపీచు, బూడిద పెట్టి తోమడం మొదలుపెట్టాడు. ఏటా సంబరానికి ముందు తోముతాడు. ఈసారి తోముడులో కసి ఉంది.

"డీజే ఎడతన్నారంట కదా, ఇంక దీనికెందుకు ఈ సింగారం?" అంది అమ్మన్నమ్మ. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. "ఇనప సామానోడికి ఏసీయ్. నా సవితి పీడ ఇరగడైపోతాది."

పోలిరాజు తోమినచోటే మళ్ళీ తోమాడు.

అమ్మన్నమ్మ ఇంట్లో వండి నలుగురైదుగురికి భోజనం పెడుతుంది. ఆదివారాలు సోమశేఖర్ అనే కుర్ర ఆఫీసరు కూడా వస్తాడు. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడ ఒక మ్యూజియంలో ఆయుధాల విభాగం చూస్తాడు. వారమంతా ఆవాలపిండి వేసిన చేప తిని తిని, చింతపండు పులుసు కోసం ట్రామెక్కి మరీ వస్తాడు. ఎప్పుడూ బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఆ రోజు కాలబైశాఖి గాలివాన విరుచుకుపడటంతో కంచం పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. గడప దాటుతూ గొట్టానికి తన్నుకుని, కంచాన్ని కాపాడుకుని, తను మాత్రం పోలిరాజు ఒళ్ళో పడ్డాడు.

"ఓలమ్మో, నా సవితి ఇంకోడి వేలు తినీసింది!" అంది అమ్మన్నమ్మ.

సోమశేఖర్ వేలు చూసుకోలేదు. గొట్టాన్ని చూశాడు. పులుసు కలిపిన చెయ్యి గాల్లో అలాగే ఉంచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడంచేత్తో దాన్ని అటూ ఇటూ దొర్లించాడు. మూతిలోకి వేలు పెట్టాడు. కన్నం మీద వేలు ఆడించాడు. వెనక గుంట చూసి "అరె!" అన్నాడు.

"అంకుల్, ఇది యాడికెల్లి వచ్చింది?"

"మా తాత తీసేడు. పైపుముక్క" అన్నాడు పోలిరాజు ఉక్రోషంగా.

"పైపు ఎవరన్నరు? దీన్ని మేము చేతి ఫిరంగి అంటం. తుపాకికి ముత్తాత అనుకోండి. దీనికి మీట లేదు, మడమ లేదు. వట్టి గొట్టం. కట్టెకు బిగించి, చంకల పెట్టుకొని, కన్నం కాడ నిప్పు పెడుతరు. మనిషి చేత పట్టుకొని నడిచిన మొదటి తుపాకులు ఇసొంటివే. మంచిగ పరీక్ష చేస్తెగాని ఏండ్లు చెప్పలేను. కాని నాలుగైదు వందల ఏండ్ల కిందిదైనా నేను ఆశ్చర్యపోను."

"అలగే కదా నాను ముట్టించేది!" పోలిరాజు లేచి నిలబడ్డాడు. "సంకలో ఎట్టుకుని!"

సోమశేఖర్ మొహం తెల్లబోయింది. "పేలుస్తరా? దీన్ని? అంకుల్, ఇంకెప్పుడు పేల్చకండి. లోపల తుప్పు ఎంత తిన్నదో ఏమో. పగిలితే మీరు ఉండరు."

ఈ రెండో మాట పోలిరాజు చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. లోపల అప్పటికే తుపాకి, ముత్తాత, నాలుగువందల ఏళ్ళు నిండిపోయి ఖాళీ లేదు.

పులుసు చల్లారిపోతుంటే సోమశేఖర్ పేర్ల పురాణం విప్పాడు. తుపాకి అన్న మాట టర్కీ నుంచి వచ్చిందట. బందూకు అరబ్బుల దగ్గర్నుంచి. ఫిరంగి అంటే అసలు తెల్లదేశపు మనిషని అర్థం. ఆ మనిషి మోసుకొచ్చిన గొట్టానికీ అదే పేరు పడిపోయింది. బెంగాలీలు పెద్ద ఫిరంగిని కామాన్ అంటారు కదా, పారశీకంలో కమాన్ అంటే విల్లు. కొత్త వస్తువు కంటబడితే జనం పాత పేరే తగిలించేవారు.

"అంటే దీనికి సొంత పేరే నేదా? అందరూ పొరుగోల పేరే ఎట్టేరా?" అంది అమ్మన్నమ్మ.

"ఈ చిన్నదాన్ని మనోళ్ళు మొదట్ల ఏమని పిలిచిండ్రో నాకైతే యాడ దొరకలేదమ్మా."

"నాను సవితంటాను. రాసుకో. ముందు ఆ పులుసు తిను."

*

సోమవారం సాయంత్రానికి గొట్టం సంగతి లైనంతా తెలిసింది, ఎందుకంటే పోలిరాజే అందరికీ చెప్పాడు. టీకొట్టు దగ్గర చెప్పాడు, కొళాయి దగ్గర చెప్పాడు, కొళాయి దగ్గర విన్నవాళ్ళు టీకొట్టుకి వస్తే మళ్ళీ చెప్పాడు. "పైపుముక్క కాదు, తుపాకి! గవర్నమెంటు ఆఫీసరు మా ఇంట్లో కూకుని సెప్పేడు!"

రమణబాబు పరిగెత్తుకొచ్చాడు. కళ్ళద్దాలు నెత్తిమీద నుంచి జారి మెడలో పడ్డాయి.

"ఏటి మావా, ఇంత పెద్ద ఇసయం ముందే సెప్పాల కదా! టికియాపారా రైల్వేవోల సంబరానికి ఏనుగుని తెస్తన్నారు. మనకి తుపాకుంది. దెబ్బకి సెవులు మూసుకుంటారు."

"మరి పెన్‌డ్రైవు?"

"అదీ ఉంటాది, ఇదీ ఉంటాది. అవుటు నువ్వే ముట్టించు."

పోలిరాజుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ అని చెప్పి తుడుచుకున్నాడు. టీకొట్టులో అప్పుడు పొయ్యి ఆర్పేసి ఉంది.

మర్నాటికల్లా ఫ్లెక్సీ తయారైంది. లైను మొదట్లో, బస్సురోడ్డు మీదకి కనబడేలా రెండు వెదుళ్ళకి కట్టారు. మధ్యలో పోలిరాజు, చంకలో గొట్టం, దాని మూతిలోంచి ఫ్లెక్సీవాడు తన తృప్తి కొద్దీ పెట్టిన మంట, వెనక గర్జిస్తున్న పులి. లైను కుర్రకారుకి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని రాతంతా బెంగాలీలో రాయించారు. ఇక్కడే కొంప మునిగింది. తెలుగులో రాయించి ఉంటే అమ్మవారు తప్ప ఇంకెవరూ చదివేవారు కాదు.

"ఏటి రాసేరు?" అడిగాడు పోలిరాజు మెడ ఎత్తి.

"ప్రాచీన ఆగ్నేయాస్త్రం అని" అన్నాడు రమణబాబు.

ఆగ్నేయాస్త్రం! పోలిరాజు తన రెండు చేతులవంకా చూసుకున్నాడు. అర్జునుడికి కూడా గురువు ఇస్తేగాని దొరకలేదు. తనకి మంచం కింద దొరికింది.

పాపం, బెంగాలీ పోలీసులకి ఆ మాటతో అర్జునుడు గుర్తుకురాడని ఆయనకి తెలియదు. తుపాకులకీ పిస్తోళ్ళకీ వాళ్ళు ఠాణాలో రోజూ రాసుకునే మాట అదే. గురువారం పొద్దున్న జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాడు ఠాణాలో రెండో ఆఫీసరు, అందరూ మేజోబాబు అంటారు. ఫ్లెక్సీని చుట్టకట్టించి చంకలో పెట్టుకుని, వస్తువుతో సహా ఠాణాకి రమ్మన్నాడు.

అమ్మన్నమ్మ గొట్టాన్ని పాతచీరలో చుట్టి పసిపిల్లలా భుజాన వేసుకుంది. పోలిరాజు మోస్తానన్నాడు గానీ ఆమె ఇవ్వలేదు.

మేజోబాబు లావుపాటి మనిషి. మధుమేహం కాబట్టి చక్కెర లేని టీ తాగుతూ లోకం మీద కోపంగా ఉన్నాడు. గొట్టాన్ని టేబులు మీద పెట్టించాడు.

"ఈ బందూకుకి లైసెన్సు ఉందా?"

"బందూక్ నేదు బాబూ!" పోలిరాజు గొంతు ఇంకా పీలైపోయింది. "నల్, బాబూ! పానీ నల్! పైపుముక్క!"

అదే సమయానికి, వెంట వచ్చిన రమణబాబు ఫోను తీసి, ఛాతీ విరిచి, "కామాన్ స్యార్! మ్యూజియం ఆఫీసరు చెప్పారు, నాలుగువందల ఏళ్ళనాటిది!" అంటున్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు మాట మార్చాలో తేలక ఇద్దరూ మార్చేశారు.

"అవును స్యార్, పైపే" అన్నాడు రమణబాబు.

"తుపాకే బాబూ, మా అల్లుడు అబద్ధం ఆడ్డు" అన్నాడు పోలిరాజు.

మేజోబాబు పెన్ను కింద పెట్టాడు. "ఒకడు నల్ అంటాడు, ఒకడు కామాన్ అంటాడు. ఫ్లెక్సీ మీద ఆగ్నేయాస్త్రం. నేనేమని రాయను? మాషీమా, మీరు చెప్పండి, ఏమిటిది?"

అమ్మన్నమ్మకి బెంగాలీ చేపల బజారులో నేర్చుకున్నంత వచ్చు, అంటే మగవాళ్ళిద్దరి కంటే బాగానే వచ్చు. కొంగు సర్దుకుని చెప్పింది.

"ఆమార్ శొతీన్."

నా సవితి. రాసుకునే కానిస్టేబులు ముందు నవ్వాడు. తరవాత లాకప్పులో ఎవరో నవ్వారు. మేజోబాబు ఆపుకోబోయాడు గానీ చక్కెర లేని టీ ముక్కులోంచి వచ్చింది. ముప్ఫైయేళ్ళుగా అది మొగుడి మంచం కింద ఉందనీ, ఏడాదికోసారి దాన్ని చంకలో పెట్టుకుని ఊరేగుతాడనీ, తన్నెప్పుడూ అలా ఊరేగించలేదనీ ఆమె ఫిర్యాదు చేస్తుంటే ఆయన కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు.

సోమశేఖర్‌ని పిలిపించారు. అతను వచ్చి, ఇది పురాతన వస్తువనీ, కాగితాలు తను చూసుకుంటాననీ, వీళ్ళ దగ్గరే ఉంచుకోవచ్చుననీ నచ్చజెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. తరవాత పోలిరాజు వైపు తిరిగి, ఈసారి ప్రతి మాటా విడిగా అన్నాడు.

"అంకుల్. కాని. ఇది మళ్ళ పేలొద్దు."

మేజోబాబూ తల ఊపాడు. కన్నంలో లక్క పోయించి, దానిమీద ఠాణా ముద్ర వేయించాడు. ఎర్రటి లక్క మెరుస్తోంది.

"నా సవితికి బొట్టెట్టించేవేటి" అంది అమ్మన్నమ్మ దారిలో. ఎప్పుడూ నవ్వే పోలిరాజు ఈసారి నవ్వలేదు. ఆమె ఆయన మొహం ఒకసారి చూసి, గొట్టాన్ని రెండో భుజానికి మార్చుకుంది.

ఆ రాత్రీ మరుసటి రాత్రీ పోలిరాజు అన్నం ముట్టీ ముట్టకుండా లేచాడు. గొట్టాన్ని తోమలేదు. పైపుముక్క అన్నప్పుడు పేలేది. తుపాకి అని తేలాక పేలకుండా పోయింది. ఈ తీర్పులో ఎక్కడో అన్యాయం ఉంది గానీ ఎవరి మీద కోప్పడాలో ఆయనకి దొరకలేదు. అందరూ ఆయన ప్రాణం కోసమే అన్నారు మరి.

*

ఆదివారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఘటాలు లేచాయి. పసుపు రాసిన కుండలు, వేపమండలు, పైన ప్రమిదలు. వరసలో ముందుది అమ్మన్నమ్మది. రోడ్డుమీద మేజోబాబు బందోబస్తుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సోమశేఖర్ కెమెరాతో వచ్చాడు. నాలుగు బాక్సులు రిక్షాబండి మీద ఇల్లంత ఎత్తున ఉన్నాయి.

పోలిరాజు కొత్తపంచె కట్టుకున్నాడు. గొట్టానికి కర్ర బిగించుకుని, నిప్పు లేని కాగడాపుల్ల ఒకటి అలవాటుగా చేతపట్టుకుని వచ్చాడు గానీ ముందుకి రాలేదు. గోడవార నిలబడ్డాడు. ఎవరైనా పలకరిస్తే నేలవంక చూస్తున్నాడు.

రమణబాబు బటన్ నొక్కాడు. బాక్సులన్నీ ఒక్కసారిగా ఢాం అన్నాయి. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. నిజం చెప్పొద్దూ, గొట్టం పేలినా అంత చప్పుడు ఎన్నడూ రాలేదు. డప్పులు అందుకున్నాయి.

అమ్మన్నమ్మ కదల్లేదు.

"అత్తా, అయిపోయింది, నడు!" అని అరిచాడు రమణబాబు. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ ఢాం. మేజోబాబు కుర్చీ కూడా అదిరింది. ఘటం మీద దీపం తొణకలేదు. వెనక ఆడవాళ్ళు ముందున్న ఘటాన్ని చూసి ఆగిపోయారు. డప్పులు ఒక్కొక్కటే నీరసపడి ఊరుకున్నాయి.

"అవుటు పేలందే అడుగెయ్యకూడదు" అంది అమ్మన్నమ్మ, మెడ తిప్పకుండా.

"పేలింది కదత్తా! రెండుసార్లు పేలింది!"

"అది డబ్బా. నా సవితి గొంతు నాకు తెల్దా? ముప్ఫయ్యేళ్ళు కాపరం సేసేను దాంతోటి. అది పేలందే నాను కదల్ను. నా మొగుడేడి?"

జనం గోడవైపు తిరిగారు. పోలిరాజు ఇంకాస్త గోడకి అతుక్కున్నాడు. "కన్నం మూసీసేరు కదే..." అన్నాడు. ఎవరికీ వినబడలేదు.

"నాకు సెవుడొచ్చిందా, నీకు గొంతు పోయిందా?" అంది అమ్మన్నమ్మ. "నెత్తిన అమ్మోరుంది. మెడ లాగతంది. బేగి కానీయ్!"

ఏమనుకున్నాడో పోలిరాజు కదిలి ముందుకొచ్చాడు. వరస ముందు నిలబడి, కర్రని చంకలో ఇరికించుకున్నాడు. గొట్టం మూతి ఆకాశానికి ఎత్తాడు. ఎప్పటిలాగే కుడికాలు వెనక్కి వేశాడు. నిప్పు లేని పుల్లని లక్కముద్ర మీద ఆనించాడు. మేజోబాబు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఢాం" అన్నాడు పోలిరాజు.

పిల్లి తుమ్మినట్టుగా వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇనబళ్ళేదు" అంది అమ్మన్నమ్మ.

"ఢాం!"

"సవితి ముందు పరువు తియ్యకు. ఇనబళ్ళేదు!"

పోలిరాజు మొహం ఎర్రబడింది. మెడనరాలు తేలాయి. క్రేను మోతలో పోయిన మాటలు, కమిటీలో పూర్తికాని మాటలు, ఇంట్లో మింగిన మాటలు అన్నీ ఒక్కచోట కూడినట్టున్నాయి. కళ్ళు మూసుకుని, చంకలో గొట్టం అదిరేలా అరిచాడు.

"ఢాం!!"

గుడి మీద కాకులు లేచాయి. ఎక్కడో కుక్క మొరిగింది. రెండు చెవులూ మూసుకున్న మేజోబాబు, తను చెవులు మూసుకున్న సంగతి తెలిసి, చేతులు దించుకుని చుట్టూ చూశాడు. సోమశేఖర్ ఫొటో తియ్యడం మరిచిపోయాడు. రమణబాబు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి బాక్సుల తీగ పీకేశాడు.

అమ్మన్నమ్మ అడుగు వేసింది. వెనక ఘటాలన్నీ కదిలాయి. డప్పులు అందుకున్నాయి.

పక్కనుంచి పోతూ ఆమె, తల తిప్పకూడదు కాబట్టి తిప్పకుండానే, మొగుడికి మాత్రమే వినబడేలా అంది:

"ఇంత గొంతు ఎట్టుకుని ఇన్నాళ్ళూ దానిచేత మాటాడించేవా?"

పోలిరాజుకి జవాబు ఉంది. కానీ గొంతు బొంగురుపోయింది. గొట్టాన్ని భుజానికెత్తుకుని ఆమె ఘటం వెనకే నడిచాడు.